కుదురైన చెయ్యి

మీకు నమస్కారాలు. ఇక్కడ మామయ్యగారూ నేనూ కులాసా. మీ నడుం నొప్పి తగ్గిందనీ, వేళకు తింటున్నారనీ తలుస్తాను.

మొన్న ఫోన్‌లో "ఆ కెమెరా కార్డు మీద కొత్తగా ఏమీ తీయకండి" అని మాత్రం చెప్పి ఠక్కున పెట్టేశాను. మీరు మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఎందుకో నోటితో చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ముందు మీ ఉత్తరానికి జవాబు. ఎడిటింగ్‌లో వీడియో ఆగి ఆగి రావడం తగ్గింది. మీరు అప్పట్లో చెప్పినట్టే ప్రతి సీనుకూ చిన్న కాపీ చేయించాక కంప్యూటర్ రొప్పడం లేదు. మసక మాత్రం పోలేదు. ప్లేబ్యాక్ క్వాలిటీ సగంలో ఉంటే ఫుల్‌కి మార్చమన్నారు, మార్చాను. అదే మసక. చిన్న కాపీలు ఆపి అసలు ఫైళ్లు చూపించమన్నారు. ఆ బటన్ నొక్కగానే తెర నల్లబడి "ఫైలు దొరకలేదు" అని వచ్చింది.

వెంటనే నా నోట్‌బుక్ తీసి వెనక్కి తిప్పాను.

నా సంగతి మీకు తెలుసుగా. ఒకే రకం గరిటెలు రెండుంటే ఒకటి ఎవరికో ఇచ్చేసేదాకా నాకు తోచదు. మూడు వారాల కిందట డిస్కు సర్దుతుంటే ఒకే పేరుతో ప్రతి సీనూ రెండేసి కనిపించింది. ఒకటి కొండంత, ఒకటి గుప్పెడంత. కంప్యూటర్ తెర మూలనున్న బుల్లి కిటికీలో ఆడిస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. పెద్దవే అసలువని తోచక వాటిని తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. "అనవసరపు కాపీలు తొలగించడమైనది" అని నోట్‌బుక్‌లో రాసి టిక్కు కూడా పెట్టుకున్నాను.

మామయ్యగారు గడియారాల దుకాణం మూసిన రోజు, ఆఖరి గడియారం విప్పి బిగిస్తుంటే మీరు సెలవు పెట్టి వచ్చి తీసిన వీడియో అది! పెద్ద తెర మీద పెడితే ఆయన వేళ్లు తెలిశాయి గానీ, వాటి మధ్య మరలు తెలియలేదు. ఆయన తన భూతద్దం తెచ్చి తెరకు ఆనించి చూశారు.

"మసకను పెద్దది చేస్తే మసకే కదమ్మా! వాడికి చిన్నప్పటినుంచీ చెయ్యి కుదురు లేదు."

"ఈయన తీస్తే అంతే మామయ్యగారూ" అని నేనూ వంత పాడాను.

తప్పు నాదని అప్పటికి నాకు తెలియదు. కానీ తెలిశాక చేసింది చెప్పాలి. తెర నల్లబడ్డ ఆ సాయంత్రమే "ఏం రాశాడమ్మా?" అని ఆయన అడిగారు. మీ ఉత్తరంలోని చివరి వాక్యం చదివి వినిపించాను: "నాన్న పనితనాన్ని నా చెయ్యే పాడుచేసినట్టుంది, క్షమించమని చెప్పు." చదివి, ఉత్తరం మడిచి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. ఆ తర్వాత నాలుగు రోజులు నిజం చెప్పకుండా ఆయన ఎదురుగానే తిరిగాను.

కార్డు మీరు చెరిపేసినా, దాని మీద కొత్తవి పడకపోతే పాతవి వెలికితీయొచ్చని రిపేరు షాపతను అన్నాడు. తప్పకుండా వస్తాయని మాత్రం అనలేదు. దాన్ని జాగ్రత్తగా పంపండి.

ఇవాళ పొద్దున మామయ్యగారికి అంతా చెప్పేశాను. ఆయన భూతద్దం తుడిచి పెట్టెలో పెట్టారు.

"దొరికితే చూద్దాం, లేకపోతే లేదు. ముందు వాడికి ఉత్తరం రాయి. చెయ్యి కుదురుగానే ఉందని నేను చెప్పానని రాయి" అన్నారు.

రాశాను.

ఇట్లు,
మిమ్మల్ని నలుగురిలో కాకపోయినా ఇంట్లో తప్పుపట్టిన
మీ ఇల్లాలు