జైలు గేటు దాటని ఖద్దరు

ఇస్నాపూర్

చిరంజీవి ఆతిఫ్‌కు అబ్బా దువాలు. అల్లా దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం నిలబడి ఉన్నాం. అక్కడ నీ ఒంట్లో ఎలా ఉందో ఏమో. సెలవు మీద వచ్చిన బీరంగూడ చంద్రకాంత్ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. మీ కంపెనీకి, దమ్మామ్‌కు తిరిగి వెళ్లేటప్పుడు ఈ జవాబు అతని చేతికే ఇస్తాను. ఇవి ఫోన్లో చెప్పే మాటలు కావు.

కోడలు ఆమ్నా లేచి తిరుగుతోంది. మీ అమ్మ తిట్టి మరీ రెండు పూటలా తినిపిస్తోంది. నా దగ్గు నాకంటే మొండిది, వదలదు. దుకాణంలో కంపెనీల యూనిఫారాలు కుడుతున్నాను. ఆ టెరికాట్ బట్టకు గాలి చొరదు. అవి వేసుకొని బాయిలర్ల దగ్గర నిలబడేవాళ్లను తలచుకుంటే జాలేస్తుంది.

ఇక నువ్వు చివర్లో అడిగిన మాట. నువ్వు చూడకుండానే పోయిన నీ కూతుర్ని ఏ బట్టలో చుట్టారని అడిగావు. నేను పోయినప్పుడు నాకు చుట్టే కఫన్ కోసం దాచిన ఖద్దరులో చుట్టాం బేటా.

ఆ గుడ్డ కథ నీకు సగమే తెలుసు. నిజాం కాలంలో మా తాత, అంటే మా అమ్మ తండ్రి, విలాయతీ బట్టలన్నీ కాల్చేసి ఇంటికి రాట్నం తెచ్చాడు. "తెల్లోని బట్ట తొడిగితే ఆనికి కూలి చేసినట్టే" అనేవాడట. గోనెసంచి తొడిగిండని ఊరంతా నవ్వింది. ఖద్దరు టోపీ కనబడితే పోలీసులు వెంటపడే రోజులవి. నిజాం రాజ్యం దేశంలో కలవాలని జెండా పట్టుకొని జైలుకు పోయాడు. అక్కడ జబ్బు చేస్తే, "నా కఫన్ నువ్వు వడికిన నూలుతోనే గావాలె బిడ్డా" అని కబురు పంపాడు. మా అమ్మ ఫకృన్నీసా తిండి మాని వడికింది. మగ్గం బాలప్ప నేసిచ్చాడు. తీరా తీసుకొనిపోతే జైలు గేటు దగ్గర దాన్ని లోపలికి రానివ్వలేదు. మా తాత మిల్లు బట్టలోనే మట్టిలో కలిశాడు. స్వరాజ్యం వచ్చింది గానీ ఆ గుడ్డ పెట్టెలోనే ఉండిపోయింది. మా అమ్మ పోయేముందు దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వన్న గిది కట్టుకొని పో. మా అబ్బా సూసి సంతోషపడ్తడు" అంది.

చనిపోయి పుట్టిన బిడ్డకు, మట్టి చేసే ముందు చదివే జనాజా నమాజు ఉండదు కదా, మరెందుకు చదివారని కూడా అడిగావు. ఆ సంగతి యూనుస్ రాసి ఉంటాడు. మీ చిన్నాన్న కొడుకు నోట్లో నువ్వుగింజ నానదు కదా.

బేటా, ఫోన్లో నీకు మేం చెప్పింది అబద్ధం. బిడ్డ ప్రాణంతోనే పుట్టింది. గట్టిగా ఏడ్చింది. నేనే దాని చెవిలో అజాన్ చెప్పాను. నువ్వు అనుకున్న పేరే, మాహిరా అనే పెట్టాను. నా వేలు గట్టిగా పట్టుకుంది. మధ్యాహ్నానికి వదిలేసింది.

ఆమ్నా నా చేతులు పట్టుకొని, "ఆయనకు జెప్పకండ్రి అబ్బా. ఏడ్సిందని తెలిస్తే, గా ఏడుపు ఇనలేదని బతికినన్ని దినాలు ఏడుస్తడు" అంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకొని నువ్వు మాత్రం ఏం చేయగలవని నేనూ సరేనన్నాను. కానీ దాని బతుకంతా ఆ ఒక్క పూటే. దాన్ని కూడా లేదనేశామని అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నన్ను తిట్టు, ఆమ్నాను మాత్రం ఏమీ అనకు.

ఆ రోజు బజారు నుంచి బట్ట తెస్తానని యూనుస్ లేచాడు. నేను పెట్టె తెరిచాను. మీ అమ్మ అడ్డం వచ్చి, "గది నీది గదా. రేపు నీకేం కడ్తరు?" అంది.

"నాకేంది, బజార్ల మస్తు దొరుకుతది" అన్నాను.

ఇన్నేళ్లు బట్టలు కోసిన చేతికి ఆ రోజు కత్తెర పట్టబుద్ధి కాలేదు. చేత్తోనే చింపాను. ఎంతైనా రాట్నం నూలు, గరుకుగా ఉంటుంది. బిడ్డకు గుచ్చుకుంటుందేమోనని అరచేత్తో చాలాసేపు రుద్ది, అప్పుడు మీ అమ్మకు ఇచ్చాను.

మా తాతకు అందని గుడ్డ నీ బిడ్డకు అందింది. మిగిలింది ఇక నాకు సరిపోదు. నా రోజు వచ్చినప్పుడు బజారు బట్టే కట్టండి. ఆ మిగిలిన ముక్క మాత్రం నా ముఖం మీద కప్పు. అక్కడ మాహిరా నన్ను గుర్తుపట్టాలి కదా.

ఇట్లు,
మాహిరా తాత,
నీ అబ్బా గులాం రసూల్