రెండు ఫుల్లు, ఒక హాఫ్

మస్కట్,
శనివారం.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సుగుణ వందనాలతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల నేనూ ఈయనా ఒంట్లో బాగానే ఉన్నాం. మన నగరం ఊళ్లో నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి షుగరు తగ్గిందా? పెద్దదానికి కళ్లద్దాలు కుదిరాయా?

క్షేమం అడగడం ఇంతటితో ఆపుతున్నాను. నాకు నీమీద చాలా కోపంగా ఉంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకరు పెట్టి కూర తరుగుతూ వింటావు. సగం మాటలు పిల్లల చెవిన పడతాయి. నేను గట్టిగా అంటే సిగ్నల్ లేదని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మా క్లినిక్‌లో పెద్ద నర్సు, ఐనవిల్లి జయమ్మగారు సెలవు మీద వస్తున్నారు. ఆవిడ చేతికిస్తున్నాను. గదిలోకి వెళ్లి తలుపేసుకుని చదువు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. డ్యూటీ నుంచి నడిచొచ్చేసరికి చెప్పుల్లోంచి కూడా రోడ్డు కాలుతుంది. రోజంతా కట్లు కట్టడం, సూదులు వెయ్యడం, నాకు రాని భాషలో ధైర్యం చెప్పడం. అన్నం వేళకే తింటున్నాను, బెంగపెట్టుకోకు. సాయంత్రాలు మాత్రం తోచదు. బాల్కనీలో నిలబడితే ఎదురుగా ఇంకో బాల్కనీ, అందులో ఆరేసిన బట్టలు, మనుషులుండరు. అయినా బాగానే ఉన్నాం. జయమ్మగారు తిరిగొచ్చేటప్పుడు ఎండురొయ్యలు పంపిస్తానన్నావట. ఈసారి పంపకు. నీ చేతి సరుకు తినే మనసు నాకు లేదు.

ఇక జరిగింది మొదట్నుంచీ చెబుతాను. నువ్వు ఈయన దగ్గర విన్నది సగమే.

శుక్రవారం ఇక్కడ సెలవు. ఆరాధన అయ్యాక మనవైపు వాళ్లం నలుగురం జయమ్మగారింట్లో భోంచేస్తాం. ఆమధ్య ఒక శుక్రవారం ఈయనతో స్టోర్సులో పనిచేసే కొత్తపేట రాజు టీవీలో ఒక తెలుగు సినిమా పెట్టాడు. బస్సు కండక్టరమ్మ కథ. నలభై దాటిన మనిషి, పెళ్లి కాలేదు. ఒకప్పుడు ఆవిడ ఇష్టపడిన మగవాళ్లు ఒక్కొక్కరుగా ఆ బస్సు ఎక్కుతారు. ఆవిడ ఎక్కడికండీ అని అడిగి, టికెట్ కొట్టి, ముందుకెళ్లిపోతుంది. ముఖం మాత్రం కదలదు. పాటల్లేవు, కొట్లాటల్లేవు. బస్సు ఆగితే సినిమా కూడా ఆగిపోయిందేమో అనిపిస్తుంది.

జయమ్మగారు అన్నం తిన్న మత్తులో ఉన్నారేమో, కాసేపటికే నిద్రపోయారు. ఈయన నాలుగుసార్లు వాచీ చూసుకున్నారు. రాజు మాత్రం మొదట్నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు, పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి ముఖం చాటేసినవాడు భార్యనూ కూతురినీ వెంటేసుకుని ఎక్కాడు. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి అతను, "రెండు ఫుల్లు, ఒక హాఫండి," అన్నాడు. ఆవిడ పిల్లను పైనుంచి కిందికి చూసి, పాపకెన్నేళ్లని అడిగి, హాఫ్ కొట్టి ఇచ్చింది. అంతే.

రాజు పడీపడీ నవ్వాడు. ఈయనా ఆ ఒక్కచోటే నవ్వారు. నేను ఏడ్చాను. ఆపుకుందామనుకున్నా ఆగలేదక్కా. ఎక్కిళ్లు వచ్చేశాయి.

సినిమా అయ్యాక వాదన. ఈయనకు ఒళ్లు మండిపోయింది. అంత మోసం చేసినవాణ్ణి చెంప పగలగొట్టదేంటి, ఆవిడకి రోషం లేదా అన్నారు. ఇంత కామెడీ ఈమధ్య చూడలేదన్నాడు రాజు. జయమ్మగారు లేచి కళ్లు తుడుచుకుంటూ, "ఆవిడ డ్యూటీలో ఉందండీ. డ్యూటీలో మనం ఏడుస్తామేంటి?" అన్నారు. సగం నిద్రలో చూసిన మనిషికి అర్థమైనంత కూడా ఈయనకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చే దారిలో ఎందుకేడ్చావని అడిగారు. సినిమా చూసే అన్నాను. అది నిజమే కదా. ఈయన నమ్మలేదు. మర్నాడు నేను డ్యూటీలో ఉండగా నీకు ఫోన్ చేశారు.

నువ్వేం చెప్పావక్కా? అంతర్వేది వైపు కుర్రాడు, పడవలవాళ్ల అబ్బాయి శ్రీను, కాలేజీ రోజుల సంగతి అని చెప్పావు. అంతవరకైతే ఒప్పుకుందును. రాజోలు నుంచి వచ్చే బస్సులో అతనుండేవాడు, నగరంలో నేనెక్కేదాన్ని, అమలాపురం దాకా మాట్లాడుకునేవాళ్లం. నన్నడిగుంటే నేనే చెప్పేదాన్ని. పెళ్లికి ముందే చెబుతానంటే బైబిలు మీద చెయ్యి పెట్టించి నోరు విప్పొద్దన్నది ఎవరు? నా చేత ఒట్టు వేయించి, ఇన్నేళ్లకు నువ్వే విప్పేశావు. పైగా ఏమన్నావు? "బట్టల బ్యాగుతో లేచిపోబోతుంటే అమలాపురం బస్టాండులో పట్టుకొచ్చేమండి, మరిదిగారూ" అన్నావట. ఈయన నీ గొంతుతో సహా నాకు వినిపించారు.

ఆ తర్వాత ఈయన నాతో మాట్లాడలేదు. అన్నం బయటే తినొచ్చేవారు. నేను వండింది నేనే పారేసేదాన్ని. అదైనా భరించాను. వారం గడిచాక ఒక సాయంత్రం వంజరం చేప పట్టుకుని నవ్వుతూ వచ్చారు. ప్రార్థన చేసుకున్నారట, మనసు తేలికైందట. "పోనీలే సుగుణా, చిన్నతనం. నేను క్షమించేసేను," అన్నారు.

అక్కా, అప్పుడు వచ్చిన కోపం నాకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు. చెయ్యని తప్పుకు నన్ను క్షమించడమేంటి? ఆ చేపను కడగలేదు, ముట్టుకోలేదు. ఈయన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నువ్వు నన్ను పట్టుకొచ్చిన ఆ ఉదయం బస్సులోనే శ్రీను తనకు సంబంధం కుదిరిందని చెప్పాడనీ, నా కంటే ముందే దిగి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడనీ చెప్పాను. అతను లేచిపోదామని ఏనాడూ అనలేదు. అనుంటే వెళ్లేదాన్నేమో, అది కూడా దాచకుండా చెప్పాను.

ఈయన తల దించుకుని విన్నారు. విని, "మీ అక్కగారు చెప్పింది వేరేలా ఉందే," అన్నారు.

"మా అక్క ఆ బస్సులో లేదండీ," అన్నాను.

తలూపారు. నమ్మారనే అనుకున్నాను. లేచి వెళ్తూ మాత్రం, "మరి బట్టల బ్యాగెందుకు?" అన్నారు.

ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, కలిసే తింటున్నాం. మంచిమనిషే, కాదనను. కానీ ఆ బ్యాగు మా ఇద్దరి మధ్యా పడి ఉంది. దాన్ని తియ్యగలిగింది నువ్వొక్కదానివే.

ఆ బ్యాగు విప్పింది నువ్వే. బస్టాండులో పదిమందీ చూస్తుండగా బెంచీ మీద బోర్లించావు. తెల్ల యూనిఫాంలు, పుస్తకాలు, ఉసిరికాయ పచ్చడి సీసా. నైట్ డ్యూటీల నెలంతా హాస్టల్లో ఉండాలని నువ్వే దగ్గరుండి సర్దిన బ్యాగది. ఎవరో ఏదో చెబితే అది కూడా మర్చిపోయి, బావగారిని తీసుకుని పరిగెత్తుకొచ్చావు. నువ్వొచ్చేసరికి నేను ఒక్కదాన్నే కూర్చుని ఏడుస్తున్నాను. లేచిపోయేవాళ్లు ఒక్కరే కూర్చుని ఏడుస్తారా అక్కా? ఆ రోజు నువ్వడగలేదు. ఇంటికి చేరేదాకా నా జబ్బ వదల్లేదు గానీ, ఎందుకేడుస్తున్నావే అని ఒక్క మాట అడగలేదు.

ఈయన ఇక వదిలేద్దాం అంటున్నారు. నేను వదలను. నువ్వు ఈయనకు ఫోన్ చేసి, నువ్వు కళ్లతో చూసిందేమిటో, మనసులో అనుకున్నదేమిటో విడదీసి చెప్పు. నాకు సారీ చెప్పనక్కర్లేదు. ఏడవద్దు, అమ్మలాంటిదాన్ని అనొద్దు. బ్యాగులో ఏముందో చెప్పు చాలు. వచ్చే నెలలో మాకు సెలవు. ముందు ముమ్మిడివరం అత్తగారింటికి వెళ్తాం. నువ్వు ఫోన్ చేస్తేనే గోదారిపాయ దాటి నగరం వస్తాను. లేకపోతే అటునుంచి అటే విమానం ఎక్కేస్తాను. అది బెదిరింపు అనుకున్నా నాకు పట్టింపు లేదు.

బావగారికి నా వందనాలు. చర్చిలో అయ్యగారినీ అమ్మగారినీ అడిగానని చెప్పు. పిల్లలకు పిన్ని ముద్దులు. నాకోసం ప్రార్థన చెయ్యమని ఎప్పుడూ అడుగుతాను, ఇప్పుడూ అడుగుతున్నాను. మోకాళ్ల మీద కూర్చునే ముందు ఆ ఫోన్ మాత్రం చెయ్యి.

కోపంతోనే,
నీ చెల్లెలు,
సుగుణ