హెలెనక్క పంపిన కోళ్లు

అక్కా,

నీ గొంతు వింటే చెప్పలేనని ఫోన్ చేయకుండా రాస్తున్నాను.

ఫిల్మ్ నగర్‌లో మేం వేసిన పల్లె ఇంటి సెట్‌కు కోళ్లు కావాలనగానే, బొద్దుగా ఉంటే తెరమీద బాగుంటాయని మీ షెడ్డులో బాగా బరువొచ్చినవి ఏరి పంపావు. హీరోయిన్ గింజలు చల్లగానే అవి పరిగెత్తుకు రావాలి. రెండడుగులు వేసి కూలబడ్డాయి. నోళ్లు తెరిచి ఎగరొప్పాయి. ఎత్తి చూస్తే రొమ్ము మీద ఈకల్లేవు. షెడ్డులో పరిచిన తడి ఊకలో కూర్చుని కూర్చుని కాళ్లు పుండ్లు పడ్డాయి.

"గివేంది తమ్మీ, నడుస్తనే లేవు? ఎవరి ఫారంల తెచ్చినవ్?" అన్నాడు మేనేజర్ జంగయ్య.

టోలిచౌకిలో కొన్నానన్నాను. అందరూ నవ్వితే నేనూ నవ్వాను.

షూటింగ్ అయ్యాక వాటిని మెస్‌లో వండారు. కండ నిండా తెల్ల చారలు, ముక్క పీచుపీచుగా విడిపోయింది. నేను తినలేకపోయాను.

కోడిపిల్లల్నీ దాణానీ ఇచ్చే కంపెనీ వాళ్లు చెప్పినట్టే మీరు పెంచుతున్నారని తెలుసు. అయినా ఈసారి షెడ్డులో కోడిపిల్లల్ని తక్కువ దించుకోమని శౌరి బావకు చెప్పు. ఆదివారం వచ్చి ఆ తడి ఊక నేనే ఎత్తిపోస్తాను.

మన కోళ్లు సినిమాలో కనిపిస్తాయని చర్చిలో అందరికీ చెప్పావట. కనిపిస్తాయక్కా. పరిగెత్తేవి మాత్రం తర్వాత తెచ్చిన నాటుకోళ్లు. మనవాటిని ఊళ్లో కోళ్లకు తెగులొచ్చే సీన్‌లో కూర్చోబెట్టారు. మేకప్ కూడా అక్కర్లేదన్నారు.

నీ తమ్ముడు