గాలివానకి కట్టిన కోళ్లగూడు

కుడతిని, బళ్లారి జిల్లా.

పెద్దక్కకు, నీ చెల్లెలు మంగ నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమమని ముందు రాస్తే తప్ప నువ్వు రెండో వాక్యం చదవవని నాకు తెలుసు. కాబట్టి క్షేమమే. మావయ్యగారి మోకాలి నొప్పి మునుపటంత లేదు. మీ మరిదికి షిఫ్టు మారింది, వేళకి తింటున్నారు. అమ్ములు బాగానే ఉంది. అమ్ములు బాగానే ఉందని మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరమంతా దాని గురించే. బావగారి బీపీ ఎలా ఉంది? పిల్లలు పరీక్షలు ఎలా రాశారు? నీ నడుముకి ఆ నూనె రాసుకుంటున్నావా, లేక సీసా అలమరలోనే ఉందా?

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని కంగారు పడకు. కంగారు పడడం మన ఇంట్లో నా వంతు. మాది రెండు గదుల ఇల్లు, ఫోన్లో ఏం మాట్లాడినా అమ్ములు వింటుంది. తన గురించేనని తెలిస్తే గోడవైపు తిరిగి కూర్చుంటుంది. మొన్న నువ్వు "పిల్లని నా దగ్గరికి పంపెయ్యవే, మన బళ్లో వేస్తాను, బావగారు వచ్చి తీసుకొస్తారు" అన్నప్పుడు సరేనన్నాను. అన్నానే గానీ, అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నీకు సగమే చెప్పాను, మిగతాది ఇప్పుడు చెబుతున్నాను. మేము ఇక్కడికి వచ్చి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో అమ్ములు గడప దాటి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో కూడా నా చెవి దగ్గరకొచ్చి గుసగుసలే. బడిలో అంతా కన్నడమే. ఒకటో తరగతి పిల్ల, హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుందట గానీ నోరు విప్పదట. సెలవులిచ్చే ముందు వాళ్ల టీచరు నన్ను పిలిపించారు. ఆవిడా తెలుగావిడే, ఈ ఊరి తెలుగు. "ఏమ్మా, మీ పాపకి మాటలొస్తాయా? వరుషమంతా ఒక్క మాటా మాట్లాడలే. డాక్టరుకి చూపించినారా?" అని అడిగారు. కోపంగా అనలేదు, పాపం, జాలిగానే అన్నారు. నాకు జాలే ఎక్కువ బాధనిపించింది. బళ్లారి తీసుకెళ్లి చూపించాం. గొంతూ చెవులూ శుభ్రంగా ఉన్నాయట. "కొత్త చోటు కదా, బలవంతపెట్టకండి, దాని మానాన దాన్ని వదిలేయండి" అన్నాడు డాక్టరు. వదిలెయ్యడమనేది నాకు వచ్చిన పనేనా, నువ్వు చెప్పు?

అప్పుడే మీ మరిదికి కోళ్ల ఆలోచన వచ్చింది. ఇంటి వెనక కాస్త జాగా ఉంది, కోళ్లుంటే పిల్ల గడప దాటి బయటికైనా వస్తుందని. ఆలోచన బాగానే ఉంది గానీ, కోళ్లగూడు కట్టడం మా ముగ్గురిలో ఒక్కరికీ రాదు. మీ మరిది ప్లాంటులో కేబుళ్లు లాగే మనిషి, మేకు కొట్టమంటే వేలు కొట్టుకున్నారు. మావయ్యగారు జన్మంతా వరి పండించారు గానీ, కోళ్ల సంగతి అత్తయ్యగారే చూసుకునేవారట. నా సంగతి నీకు తెలియనిదేముంది, మనింట్లో కోడి గుమ్మమెక్కితే మంచమెక్కేదాన్ని.

అయినా మొదలుపెట్టాం. ప్యాకింగ్ పెట్టెల చెక్కలు, నాలుగు సరుగుడు కర్రలు, ఒక రేకు. ఫోన్లో వీడియో చూస్తూ ఆయన కోసేవారు, నేను పట్టుకునేదాన్ని, మావయ్యగారు కుర్చీలో కూర్చుని అది కాదురా ఇది అనేవారు. అమ్ములు మేకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ అందించేది. తలుపు రెండుసార్లు బిగించాం. మొదటిసారి గూడు లోపలికి తెరుచుకుంది.

గూడు నిలబడ్డాక మావయ్యగారు లేచి చుట్టూ తిరిగి చూశారు. "గాలివానొస్తే ఇది ఉంటాదా? రేకు లేచిపోద్ది. జల్లు కొడితే పిట్టలు తడిసి చస్తాయి" అన్నారు. ఆయన చూసిన తుపానులు అలాంటివి మరి. మాకూ అది సబబుగానే తోచింది, మనం ఎరిగిన వాతావరణం అదే కదా. ధాన్యం మీద కప్పే నీలం బరకం తెప్పించి మూడు వైపులా మేకులు కొట్టించారు, నాలుగో వైపు చెక్క తలుపు. రేకు మీదుగా మోకు వేసి నాలుగు మూలలా గుంజలకి కట్టారు. ఓడకి లంగరు వేసినట్టుంది. పక్కింటి ఈరమ్మ అజ్జి గోడమీంచి చూసి నవ్వింది. అజ్జి అంటే ఇక్కడ అవ్వ అని. వాళ్లది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం.

"ఏంది పెద్దాయనా, ఇంత బిగించినారు? కోళ్లు యాడికీ పారిపోవులే!"

"గాలివానమ్మా, గాలివాన!" అన్నారు మావయ్యగారు.

"ఈడ వానకే దిక్కు లేదు, గాలివాన యాడనుంచి వస్తుందప్పా? జర గాలాడేటట్టు పెట్టండి" అంది అజ్జి. మేము తల ఊపాం. మార్చలేదు.

సంతలో నాలుగు నాటు పెట్టలూ ఒక పుంజూ కొన్నాం. నిజం చెబుతున్నాను అక్కా, ఆ రోజునుంచి అమ్ములు తెల్లారితే గూడు దగ్గరే. వంగి వాటికి ఏదో చెప్పేది. నేను దగ్గరికెళితే ఆపేసేది. దూరం నుంచి పెదవులు కదలడం చూసి, మాటలు వినపడక, వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను. కోళ్లతో మాట్లాడే పిల్ల మనుషులతో ఎందుకు మాట్లాడదు? నేనేం చేశాను? ఇక్కడికి తీసుకురావడమే తప్పా? ఇవే ఆలోచనలు.

ఇక నా భయాలు కోళ్లకీ పాకాయి. పైన గద్ద తిరుగుతోందని భయం. వీధిలో ఒక గోధుమరంగు కుక్క మా వెనక జాగా వాసన చూసి పోతోందని భయం. అందుకని మీ మరిది పెట్టిన గడియ చాలక, దానికి తీగ చుట్టి మెలిపెట్టేదాన్ని. పగలు వదలడం కూడా తగ్గించేశాను. లోపలుంటే క్షేమం కదా అని. ఎండలు నీకెలా చెప్పను, ఇక్కడ మధ్యాహ్నం గాలి పొయ్యి మూత తీసినట్టుంటుంది. చెమట కూడా పట్టదు, పట్టేలోపే ఆరిపోతుంది.

ఆ రోజు గూడు మూసి, తీగ చుట్టి, జొన్నలు పట్టించుకు రావడానికి పిండిమరకి వెళ్లాను. మీ మరిది డ్యూటీలో ఉన్నారు. మావయ్యగారు ఫ్యాను కింద పడుకున్నారు, అమ్ములు ఆయన పక్కన ఆడుకుంటోంది. తిరిగి వస్తూ వీధి మొదట్లో ఉండగా ఒక పిల్ల కేక వినపడింది.

"అజ్జీ! కోళి సాయ్తావ! జల్ది బా అజ్జీ!"

కోళ్లు చచ్చిపోతున్నాయి, తొందరగా రా అవ్వా అని. గొంతు చించుకుని కన్నడంలో అరుస్తోంది. ఎవరి పిల్లో పాపం అనుకున్నాను. ఏ ఇంటి కోళ్లో అనుకున్నాను. పిండి డబ్బా ఇంకో చేతికి మార్చుకుని నడుస్తూనే ఉన్నాను. నాలుగడుగులు వేశాక మా పక్కింటి గుమ్మం ముందు అమ్ములు కనపడింది. చెప్పుల్లేకుండా ఎండలో గెంతుతూ, ఈరమ్మ అజ్జి తలుపు రెండు చేతులతో బాదుతోంది. నా కడుపున పుట్టిన పిల్ల గొంతు నేను గుర్తుపట్టలేదక్కా. అంత గొంతు దానికి ఉందని నాకు తెలిస్తే కదా.

డబ్బా ఎక్కడ పడేశానో తెలియదు. నేను ఇంటి వెనక్కి పరుగెత్తేసరికి అజ్జి గోడ దూకినంత పని చేసి వచ్చేసింది. తాతయ్యని కుదిపి లేపిందట అమ్ములు, ఆయన అటు తిరిగి పడుకున్నారట. తీగ మెలి దాని వేళ్లకి రాలేదు. అజ్జి కొడవలితో బరకం నిలువునా చీల్చేసింది. లోపల్నుంచి వచ్చిన వేడికి మొహం తిప్పుకున్నాను. కోళ్లు ముక్కులు తెరిచి, రెక్కలు పరుచుకుని పడున్నాయి. గోనెసంచులు తడిపి నీడలో పరిచి వాటిని పడుకోబెట్టాం. అమ్ములు అరచేతిలో నీళ్లు తెచ్చి ముక్కుల మీద చల్లుతోంది, అజ్జితో ఏదో అంటూనే ఉంది, అంతా కన్నడంలోనే. ఒక చేతిలోంచి నీళ్లు కారిపోతుంటే ఇంకో చేత్తో అజ్జి కొంగు లాగుతోంది.

"ఏం కట్టినారమ్మా మంగమ్మా ఇది!" అంది అజ్జి నాతో. "ఇడ్లీ పాత్రకి మూత పెట్టినట్టు ఉండాది. పైగా ఈ తీగేంది, కోళ్లకి జైలా?" ఒక కోడిని నీడకి జరుపుతూ, "మీ పాప ఇంత బాగా మాట్లాడుతుంటే ఇన్నాళ్లూ యాడ దాచినావే?" అంది.

నల్లపెట్ట బతకలేదు. మిగిలినవి సాయంత్రానికి లేచి తిరిగాయి. మావయ్యగారు నిద్రలేచి సంగతి విన్నారు. ఆయనే వెళ్లి మోకు ముడులు ఒక్కొక్కటీ విప్పారు. మర్నాడు ఆయనా, మీ మరిదీ, అజ్జి కొడుకూ కలిసి గూడు మళ్లీ కట్టారు. మూడు వైపులా తీగ జాలీ, రేకు ఎత్తు పెంచి మీద వరిగడ్డి, వేపచెట్టు నీడకి జరిపారు. అందరికీ ఇక్కడివాళ్లు మరమరాలతో చేసే ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీ చేశాను. బాగున్నాయన్నారు. నేను మాత్రం వండుతూ నల్లపెట్ట గుర్తొచ్చి రెండుసార్లు మాడ్చాను.

ఇప్పుడు అమ్ములు అజ్జి మనవరాలితో మాట్లాడుతోంది. మగవాళ్లు వస్తే ఇంకా నా కొంగు వెనక్కే పోతుంది. బడి తెరిచాక ఏం చేస్తుందో తెలియదు. మళ్లీ నోరు మూసుకుంటుందేమోనని నాకు దిగులు. అంతా బాగైపోయిందని రాయాలని ఉంది గానీ, రాస్తే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

నువ్వు పంపుతానన్న ఎండు రొయ్యలు మాత్రం మరిచిపోకు. ఇక్కడ చేప మొహం చూసి ఎన్నాళ్లయిందో. మెత్తటి పాత చీరలుంటే ఒకటి పంపు, మావయ్యగారి మోకాలికి కాపడానికి కావాలి.

నిన్న అమ్ములుకి జడ వేస్తూ, ధైర్యం చేసి అడిగేశాను. "పెదనాన్న వస్తున్నారమ్మా. పెద్దమ్మ దగ్గరుండి అక్కడ బడికి వెళ్తావా? అక్కడంతా తెలుగే" అన్నాను. జడ అయిపోయాక ఇటు తిరిగి, గుసగుసగా కాదు, మామూలుగా చెప్పింది.

"నేను వెళ్లిపోతే నువ్వు మళ్లీ గూడు మూసేస్తావమ్మా."

దాని మాటకి నా జవాబు నీకు చెబుతున్నాను. బావగారిని తప్పకుండా రమ్మను, నాలుగు రోజులుండి మా కోళ్లని చూసి, తిరుగు టికెట్ ఒక్కరికే తీసుకుని వెళ్లమను. నీ మీద అలిగానని అనుకోకు, నువ్వు పిల్లని పంపమన్నది ప్రేమతోనే, ఎరుగుదును.

బావగారికీ మీ అత్తగారికీ మా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. అమ్ములుకి దీవెనలు నువ్వెలాగూ పంపుతావు. ఈసారి నన్ను కూడా దీవించక్కా, దాన్ని చూసి భయపడడం కాస్త తగ్గేటట్టు.

నీ చెల్లెలు,
మంగ