ఇరవై నాలుగో అంకె

మే 4, ఆదివారం
మధ్యాహ్నం, ఇంటి నుంచి

చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తాను. ఉత్తరం మొదట్లో అందరూ అలవాటుగా రాసే మాటే అయినా, తొమ్మిదేళ్ల తర్వాత రాయబోతే చెయ్యి కాస్త ఆగింది. మీ బావకి చత్వారం ఇంకొంచెం పెరిగింది. అయినా ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం మానలేదు. అమ్మాయి కాలేజీలో రెండో ఏడు. నాకు మోకాలు నొప్పి, అదీ మెట్లు దిగేటప్పుడే.

ఇక విషయానికి వస్తాను. పోయిన నెల పదిహేడో తేదీ, గురువారం, నా పేరున ఒక కవరు వచ్చింది. మా ఇంటికొచ్చే కవర్లన్నీ మీ బావ పేరునే వస్తాయి కాబట్టి, అనుమానం కవరు విప్పకముందే మొదలైంది. లోపల అచ్చువేసిన రెండు కాగితాలు. మొదటిదాంట్లో, పల్లెలో తోటల మధ్య మూతపడ్డ ఒక బడిలో పది రోజుల వేసవి శిబిరమట. మొత్తం ఇరవై ఇద్దరట. కలిసి వండుకోవడం, కలిసి ఊడ్చుకోవడం, ఒకే హాల్లో పడుకోవడం, ఎవరికీ ఎవరూ చాకిరీ చెయ్యకపోవడం. రెండోదాంట్లో, వెంట తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా.

ముక్కూ మొహం తెలియని ఇరవై ఒక్క మంది మధ్య పడుకోమని నలభై ఎనిమిదేళ్ల ఇల్లాలిని ఎవరు పిలుస్తారు? ఎందుకు పిలుస్తారు?

కవరు మీద చిరునామాలో "రెండో అంతస్తు, మూడు కుండీల గుమ్మం" అని ఉంది. నా పుస్తకం సంగతి నీకు తెలిసిందే. డబ్బు లెక్కలకి మీ బావ ఉన్నారు. నా పుస్తకంలో ఉండేది ఏ వస్తువు ఎక్కడుంది, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు విరిగింది అన్నవే. తీసి చూస్తే మూడో కుండీ పెట్టింది ఫిబ్రవరి తొమ్మిదిన. అంటే చిరునామా ఇచ్చినవాళ్లు ఎవరైనా ఆ తర్వాత మా గుమ్మం చూసి ఉండాలి. ఆ తర్వాత మా మెట్లెక్కినవాళ్లు నలుగురే. నీళ్ల మీటరు చూసే మనిషి, కింది వాటా ఆవిడ, ఇంట్లోవాళ్లిద్దరు. మీటరు మనిషి కుండీని చూడడు, తన్నుకుంటాడు. అతని పేరు కొట్టేశాను.

కింది వాటా ఆవిడని అడిగాను. పంపేదాన్నే అయితే నిన్ను పది రోజులకి కాదు నెలకి పంపేదాన్ని, మెట్ల మీద ఇసుకెవరిదని రోజూ నన్ను నిలదీసేవాళ్లుండరు కదా, అంది. అబద్ధం చెప్పే మనిషి అంత కచ్చగా మాట్లాడదు. ఆవిడ పేరూ కొట్టేశాను.

మిగిలింది నా ఇంటివాళ్లు. కరెంటు బిల్లొచ్చినా తిరగేసి చూసే మీ బావ ఆ కవరులో ఏముందని అడగలేదు. మూడో రోజు సాయంత్రం ప్రెస్సు నుంచి వస్తూ కొత్త టార్చిలైటు తెచ్చారు. ఎందుకని అడిగితే కరెంటు పోతే పనికొస్తుందన్నారు. మా వీధిలో కరెంటు పోయి పద్నాలుగు నెలలైంది. జాబితాలో నాలుగో వస్తువు టార్చిలైటు. ఆ జాబితా నేనింకా ఆయనకి చూపించలేదు. అమ్మాయి సంగతి అడగనే అక్కర్లేదు. నేను గదిలోకి రాగానే తండ్రీకూతుళ్లిద్దరూ చప్పున పళ్లెంలోకి చూసేవారు. తినేది అయిపోయిన పళ్లెంలోకి.

వాళ్లని అడిగితే దారి మళ్లిస్తారని, కాగితం చివర ఉన్న చిరునామా పట్టుకుని నేనే వెళ్లాను. బస్సు డిపో వెనక సందులో పసుపురంగు గేటు. శిబిరం నడిపేది రిటైరైన ఒక డ్రాయింగు మాస్టారు. వేళ్ల నిండా రంగులు, చొక్కా జేబులో మూడు కుంచెలు, మాటకి ముందు నవ్వు. ఆయన నాకు టీ ఇచ్చి నియమాలన్నీ చెప్పారు. ఇంట్లో ఏ పని చేస్తారో శిబిరంలో ఆ పని చెయ్యకూడదట. వంట చేసే ఆడవాళ్లు వంటగది గడప తొక్కకూడదట. బ్యాంకు మేనేజరు పోయినేడు గిన్నెలు తోమాడట, ఆయన తోమిన గిన్నెలు డాక్టరుగారు మళ్లీ తోమారట. ఇంకో నియమం విన్నాక టీ గ్లాసు కింద పెట్టేశాను. చేరిన రోజు సాయంత్రం అందరూ హాల్లో కూర్చుని, ఒక్కొక్కరే తమ సంచి అందరి ముందూ విప్పి, తెచ్చినవన్నీ చాప మీద పరచాలట. అక్కణ్నుంచి పది రోజులూ అవి అందరి సొత్తేనట.

ఆ నియమం ఎవరు పెట్టారని అడిగాను. మా కుట్టుపని ఆవిడ, జాబితా రాసిందీ ఆవిడే, అన్నారు. ఎలాంటి మనిషని అడిగాను. ఆవిడ నవ్వితే హాలంతా నవ్వుతుంది గానీ ఒక్క చాదస్తముందమ్మా, ఎక్కడికెళ్లినా సంచి పట్టుకోదు, సామానంతా దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకొస్తుంది, అన్నారు. ఆయన నవ్వుతూనే చెప్పారు.

తిరుగు బస్సులో జాబితా మళ్లీ తీశాను. ఇరవై మూడు వస్తువులు, వాటి కింద ఇరవై నాలుగు అని అంకె వేసి ఎదురుగా ఖాళీ. మొదటిరోజు ఆ ఖాళీని చూసి, తర్వాత ఏదో ఇరికిస్తారన్నమాట అనుకున్నాను. బస్సులో మాత్రం అమ్మ గుర్తొచ్చింది. ఏ జాబితా రాసినా చివర ఒక అంకె వేసి వదిలేసేది కదా. అదేమిటంటే, "మరిచిపోయినదానికి చోటుండాలి" అనేది. నా జాబితాల్లో అలాంటి ఖాళీలుండవు. కాబట్టి ఆ అంకె వేసింది నువ్వే.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఇద్దరినీ నిలబెట్టాను. మీ బావ కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అమ్మాయే ఒప్పుకుంది. ఫిబ్రవరి నుంచీ పిన్నికి ఉత్తరాలు రాస్తున్నానని, గుమ్మం గుర్తులు కూడా తనే రాశానని చెప్పింది. అమ్మా, నీకు అనుమానం లేకపోతే అన్నం అరగదు, అందుకే చెప్పలేదంది. పిన్ని ఏమందని అడిగితే మాత్రం నీ మాట నీ గొంతుతోనే చెప్పింది.

"పిలుపు ఎవరైనా రాయండే. జాబితా నేను రాస్తా. మీ అమ్మ ముందు చూసేది జాబితానే."

అందుకని నేను కరిగిపోయాననుకోకు. నిన్ను నాలుగు మాటలు అడగాలి. అంతకుముందు ఆ రోజు సంగతి నా వైపు నుంచి ఒకసారి రాసిపెడతాను. తొమ్మిదేళ్లుగా నా వైపు ఎవరూ అడగలేదు.

అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేసిన రోజు, జాబితా రాసింది నేను. అరవై ఒక్క వస్తువులు. సాయంత్రానికి అరవై లెక్కకి వచ్చాయి. రానిది అమ్మ కత్తెర. ఇత్తడి పిడి, బొటనవేలి దగ్గర నీలం పేలిక చుట్టి ఉండేది. ముప్ఫై ఏళ్లు వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన కత్తెర. పొద్దున్న మిషను మీద ఉంది. నేను నా కళ్లతో చూశాను. కుట్టుపని తెలిసినదానివి నువ్వొక్కదానివే. బస్సుకి తొందరపడుతున్నదీ నువ్వొక్కదానివే. సంచి ఒకసారి విప్పమన్నాను. పెద్దమ్మ, మేనమామ, ఇంటివాళ్లూ అందరూ అక్కడే ఉన్నారు, నిజమే. కాని నేను గొంతు పెంచలేదు. దొంగ అన్న మాట నా నోట రాలేదు. లెక్క కోసం అడిగాను, అంతే.

నువ్వు సంచి నేల మీద బోర్లించావు. రెండు చీరలు, దువ్వెన, బస్సులో తినడానికి రెండు అరటిపళ్లు, అమ్మ కళ్లజోడు డబ్బా, ఖాళీది. డబ్బా నా జాబితాలో లేదు కాబట్టి దాని గురించి నేనేమీ అనలేదు.

"లెక్క సరిపోయిందా అక్కా?" అన్నావు.

సరిపోలేదన్నాను. నువ్వు ఖాళీ చేతులతో మెట్లు దిగి వెళ్లిపోయావు. ఆ సంచీ, ఆ వస్తువులూ ఇప్పటికీ మా బీరువా కింది అరలో ఉన్నాయి, అరటిపళ్లు తప్ప.

ఇప్పుడు నా ప్రశ్నలు. సంచులు అందరి ముందూ విప్పాలనే నియమం నా కోసమే పెట్టావా? ఇరవై మంది మధ్య నన్ను కూర్చోబెట్టి, విప్పు అక్కా, అని అడగాలనా? మాస్టారు ఆ నియమం ఐదేళ్లనాటిదన్నారు. కాని ఆయన నవ్వే మనిషి, నవ్వే మనుషులకి తేదీలు గుర్తుండవు. రెండోది, కలవాలనే ఉంటే తొమ్మిదేళ్లలో ఒక కార్డు ముక్క రాయలేకపోయావా? నా చిరునామా మారలేదు, ఒక కుండీ పెరిగిందంతే. మూడోది, పెద్దదాన్ని నేనుండగా నా వెనక నా కూతురితో మంతనాలేమిటి? నాలుగోది ఏదో ఉండేది, రాస్తుంటే పోయింది.

సామాను సర్దడమంటావా, సర్దితే వెళ్లినట్టు కాదు కనుక సర్దుతున్నాను. పళ్లెం, గ్లాసు, చెంచా ఒక్కొక్కటి. దోమతెర ఉతికి ఆరేశాను, దానికి మూడు చిల్లులు, మూడూ కుట్టాను. టార్చి ఉంది, మీ బావ దయవల్ల. ఏడోది సూదీదారం అన్నావు, తెల్లది నల్లది రెండూ పెట్టాను. తొమ్మిదో వస్తువు "పాడటానికి ఒక పాట" అని రాశావు. అది వస్తువు కాదు. అయినా టిక్కు పెట్టాను. పదకొండోదాని సంగతి తర్వాత రాస్తాను.

నేను లేని పది రోజులూ ఇల్లేమవుతుందోనని ఇంకో దిగులు. మీ బావకి ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదని, డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. ఆయన వాటిల్లో రెండు అచ్చుతప్పులు దిద్దారు. వెళ్లు, నీకూ కాస్త గాలి మారుతుందంటారు. ఇరవై మూడేళ్ల కాపురంలో నా గాలి గురించి ఆయన మాట్లాడటం ఇదే మొదలు. అదీ అనుమానమే.

శిబిరం శనివారం, పదో తేదీన మొదలు. వస్తానో రానో ఇంకా తేల్చుకోలేదు. నా ప్రశ్నలకి నువ్విచ్చే జవాబుని బట్టి ఉంటుంది. ఈ ఉత్తరం రేపు పోస్టులో వేస్తే బుధవారానికి నీకు చేరాలి. ఆరోగ్యం జాగ్రత్త. ఎండలో తిరగకు.

ఇట్లు,
నీ అక్క

తాజా కలం: పిచ్చుకా, పై నాలుగు పేజీలూ చించేద్దామనుకున్నాను. చించితే మళ్లీ మంచిదానిలా రాస్తానేమోనని అలాగే ఉంచాను. ఇంతసేపూ నిన్ను ప్రశ్నలడిగింది, నేను చెప్పవలసింది వెనక్కి నెట్టడానికే.

నీ జాబితాలో పదకొండో వస్తువు, పాత బొంత ఒకటి, చిరిగినా పరవాలేదు. పోయిన సోమవారం పుస్తకం తీశాను. "అటక మీద నల్ల ట్రంకు. అమ్మ బొంత 1. విప్పనవసరం లేదు." నా చేతిరాతే. తేదీ మనం ఇల్లు ఖాళీ చేసిన తేదీయే. మీ బావ స్టూలెక్కి బొంత దించారు. నేను తాడు విప్పాను. లోపల కత్తెర ఉంది, నీలం పేలికతో సహా.

చూడగానే అంతా గుర్తొచ్చింది. ఆ పొద్దున్న మేనమామ మనవరాలు పాకుతూ మిషను దగ్గరికి వచ్చింది. చెయ్యి తెగుతుందని కత్తెర బొంతలో పెట్టి చుట్టింది నేనే. ఇంతలో ఎవరో పిలిచారు. తాడు కట్టి, పుస్తకంలో బొంత అని రాశాను, కత్తెర అని రాయలేదు. సాయంత్రం పుస్తకం చూసి వెతికాను గాని ఇల్లు చూసి వెతకలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లూ, విప్పనవసరం లేదని నేనే రాశాను కదా, విప్పలేదు.

గొంతు పెంచలేదని పైన రాశాను. పెంచి ఉంటే నువ్వూ తిరిగి ఒక మాట అనేదానివి, అక్కడితో పోయేది. నెమ్మదిగా అడగబట్టే నీకు చోటు లేకుండా పోయింది. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే శుక్రవారంలోగా ఒక్క ముక్క రాయి, రాను. కత్తెర మాత్రం మాస్టారి చేతికిచ్చి పంపుతాను. ముక్క రాకపోతే శనివారం ఆరూ నలభై బస్సుకి బయల్దేరతాను.

నా బట్టలన్నీ బీరువా కింది అరలో ఉన్న నీ సంచీలోనే సర్దాను. నీ చీరలు రెండూ ఉతికి పైన పెట్టాను, కళ్లజోడు డబ్బా వాటి మధ్య ఉంది. ఆ సాయంత్రం చాప దగ్గర ముందు నేనే కూర్చుంటాను. విప్పమని నన్నెవరూ అడగనక్కర్లేదు. అందరి ముందూ సంచి బోర్లించి, అది ఎవరి సంచో, కత్తెర ఎక్కడ దొరికిందో నా నోటితో నేనే చెబుతాను.

ఇరవై నాలుగు ఎదురుగా అమ్మ కత్తెర అని రాశాను. లెక్క సరిపోయింది, చెల్లీ.