పడటం రాని ఆఖరాయన

అమ్మకి,

నీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, కిటికీలో నువ్విచ్చిన మొక్కా, పైవాటాలో పొద్దస్తమానం కుర్చీలు జరిపే ఆయనా. కంటి ఆపరేషన్ తరవాత సూదిలో దారం నీ అంతట నువ్వే ఎక్కించుకుంటున్నావని చెల్లి చెప్పింది. ప్రాణం లేచొచ్చింది. కానీ డాక్టరు చెప్పిన ఆరు వారాలూ కాకుండానే మిషను ముందు కూర్చున్నావని కూడా చెప్పింది. దాన్ని తిట్టకు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. రోజూ జవాబు రాయాలని కూర్చోవడం, నాలుగు వాక్యాలు రాసి చించెయ్యడం. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ముందు నువ్వడిగిన వాటికి చెబుతాను.

"మీ నాన్నకి కొమ్ములు పెట్టిందెవరే?" అని రాశావు. నేనేనమ్మా. మా ఆఫీసు చేసిన మొదటి కుస్తీ వీడియో గేములో, నాన్నని చూసి నేను గీసిన ఆఖరి మల్లుడు, అదే మన ఆఖరాయన, నువ్వు కుట్టిచ్చిన పొడుగు కోటు వేసుకునే ఉన్నాడు. దాన్ని ఎదురుగా తగిలించుకుని మడత మడతా చూసి గీశాను. రెండో ఆటకి కోటు తీసేశారు. దాని అంచు ఎగిరినప్పుడల్లా ఆట మొరాయించేది. మూడో ఆటకి ప్రచారం వాళ్ళొచ్చి, "ఈయన్ని చూస్తే భయం వెయ్యట్లేదండీ. చెవి మెలేసే మాస్టారిలా ఉన్నాడు" అన్నారు. "ఆయన మాస్టారే" అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆ వారమే కొమ్ములు గీయమన్నారు. నాలుగు రకాలు గీశాను. ఎద్దు కొమ్ములు వద్దని పొట్టేలు కొమ్ములు ఖాయం చేశారు. నాన్న చూసి ఉంటే, "జుట్టు ఎటూ మిగల్లేదు, ఇవైనా మొలిచాయి" అనేవాడు.

రెండో ప్రశ్న. "మిగతా పదకొండు మందినీ ఎంచుకుని ఆడొచ్చు, ఆయన్ని మాత్రం ఇన్నాళ్ళూ ఎవరి చేతికీ ఇవ్వలేదేం? ఆ పదకొండు మందినీ ఓడిస్తే గాని ఆయన కనబడడు. మీ చెల్లేమో ఏడోవాడి దగ్గరే చతికిలబడుతుంది. అది డ్యూటీ నుంచి వచ్చాక రోజూ సాయంత్రం దాని చేత ఆడించి, ఆయన వస్తాడేమో అని నేను పక్కన కూర్చుంటాను" అని రాశావు. ఆ ముక్క దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను. నువ్వలా కూర్చుంటావని నాకు ఇన్నాళ్ళూ తెలీదమ్మా. చెల్లి ఒక్కసారీ చెప్పలేదు.

బయటి వాళ్ళకి మేం చెప్పే జవాబు వేరు. ఆఖరాయన ఓడిపోయినా కింద పడడు కదా. ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి, చేతులు వెనక కట్టుకుని, ఎడమ భుజం కాస్త దించి వెళ్ళిపోతాడు. అలాంటి మనిషి ఎవరి చేతికీ చిక్కడు, అందుకే ఇవ్వలేదు అని మా డైరెక్టరు వేదికలెక్కి చెప్పాడు. పత్రికల వాళ్ళు మెచ్చుకుంటూ రాశారు. అసలు సంగతి, మా దగ్గర ఆయన పడే కదలికలే లేవు. ఒక మల్లుణ్ణి ఆడేవాళ్ళ చేతికివ్వాలంటే వాడు ఎగరాలి, కూర్చోవాలి, తన్నులు తినాలి, వెల్లకిలా పడాలి, బోర్లా పడాలి, మళ్ళీ లేవాలి. నాన్న చేత తీయించుకున్న వాటిలో ఆఫీసులో ఉన్నవి నిలబడటం, నడవడం, కొట్టడం మాత్రమే. చివర్లో ఆ వెళ్ళిపోయే నడక కూడా కావాలని తీసింది కాదు. మొదటి రోజు మధ్యలో మంచినీళ్ళు తాగడానికి వెళ్తుంటే కెమెరాలు ఆపలేదు, అంతే.

అదంతా రెండు రోజుల పని అని నీకు గుర్తుండే ఉంటుంది. కొలతకని పంపిన నల్ల దుస్తులు పొట్ట దగ్గర పట్టకపోతే నువ్వే కుట్లు విప్పి పంపావు. తన కదలికల్ని కంప్యూటరు పట్టుకోవడానికి కీళ్ళ దగ్గరల్లా తెల్లటి పూసలు అంటించుకుని, చుట్టూ కెమెరాల మధ్య నిలబడి, "ఇంత వయసొచ్చాక నన్ను చుక్కల జింకని చేశావు కదే" అన్నాడు నాన్న. పిల్లలకి ముప్పయ్యేళ్ళు డ్రిల్లు నేర్పిన మనిషి, కుర్రతనంలో కుస్తీ పట్టిన మనిషి. హాల్లో వాళ్ళందరికీ అరగంటలో మాస్టారైపోయాడు. నడుం వంచి కూర్చున్న కంప్యూటరు కుర్రాళ్ళని ఒక్కొక్కరినీ నిటారుగా కూర్చోబెట్టాడు.

రెండో రోజు తీసింది యంత్రం చెడి పాడైపోయిందని నీకు చెప్పాను. ఆఫీసులోనూ అదే చెప్పాను. పాడవలేదమ్మా. తొమ్మిదేళ్ళుగా అది నా దగ్గరే ఉంది.

నీ మూడో ప్రశ్నకి వస్తున్నాను. బజారులోకి రాకముందే రుచి చూడమని వదిలిన కొత్త ఆట ముక్కని చెల్లి తెచ్చిందనీ, అందులో ఆఖరాయన్ని ఎంచుకోవచ్చంటే ఎగిరి గంతేసిందనీ, తీరా చూస్తే ఆ నడక మీ నాన్నది కాదనీ రాశావు. "ఎవరో మొదటి దెబ్బ కొట్టగానే పడిపోయాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను" అన్నావు.

ఇదీ జరిగింది. ఈ నాలుగో ఆటకి ఆఖరాయన్ని ఇవ్వాల్సిందేనని ఆడేవాళ్ళు పట్టుబట్టారు. వేల ఉత్తరాలు. పైవాళ్ళు సరేనన్నారు. పడటం, లేవడం తియ్యడానికి సర్కసులో ఊయల పని చేసి మానేసిన ఒక అమ్మాయిని తెచ్చారు. మంచి పిల్ల. మొదటి రోజే నా దగ్గరికొచ్చి, "అక్కా, ఈయన నడిచేది చూశాను, కొట్టేది చూశాను. పడితే ఎలా పడతాడు? చెయ్యి ముందు ఆనిస్తాడా, భుజమా?" అని అడిగింది.

"నాకు తెలీదు" అన్నాను.

"పోనీ మీకు ఎలా పడతాడనిపిస్తుంది?"

"రేపు చెబుతాను" అని బయటికొచ్చేశాను.

మర్నాడు భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక, తలుపేసుకుని ఆ రెండో రోజుది తెరిచాను. అందులో మనిషి ఉండడమ్మా. ముఖం ఉండదు, బట్టలుండవు. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు కదులుతుంటాయి. కానీ మొదటి అడుగులోనే నాన్న అని తెలిసిపోతుంది. ఆ చుక్కలు పడుతున్నాయి, లేస్తున్నాయి. పదకొండు సార్లు పడ్డాడు. ప్రతిసారీ కుస్తీవాడిలా అరచేత్తో నేలని చరిచి లేచాడు. పన్నెండోది వెల్లకిలా పడేది. అది చేశాక, "బ్రహ్మాండంగా వచ్చింది, చాలు" అన్నాడు కెమెరా ఆయన. నేను చాలనలేదు. "ఇంకొక్కసారి నాన్నా. భుజం ముందు తగలాలి, తల తరవాత" అన్నాను.

"నాకంటే గట్టి డ్రిల్లు మాస్టరువే నువ్వు" అని నవ్వుతూ వెళ్ళి నిలబడ్డాడు.

అన్నిసార్లు పడేసరికి కింద పరిచిన పరుపులు జరిగి మధ్యలో జానెడు సందు వచ్చింది. నేను చూశాను. చూడలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, చూశానమ్మా. ఈ ఒక్కటీ అయ్యాక సర్దేద్దాంలే అనుకున్నాను. ఆ సందులో తల నేలకి తగిలింది. అంత పెద్ద హాల్లో ఆ చప్పుడు అందరికీ వినబడింది.

కాసేపు లేవలేదు. తరవాత తనే లేచి కూర్చుని తల తడుముకుని, "ఏం లేదు, ఏం లేదు. చూడు, రక్తం కూడా రాలేదు" అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. "మీ అమ్మకి మాత్రం చెప్పకు. తెలిసిందంటే నన్ను ఇక గడప దాటనివ్వదు" అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. సాయంత్రం బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

దెబ్బ తగిలిన మూడో రోజు నువ్వు ఫోన్ చేశావు. "మీ నాన్నకి తలనొప్పి తగ్గట్లేదే. అన్నం సయించట్లేదంటున్నాడు. పొద్దున చెల్లిని పట్టుకుని నీ పేరుతో పిలిచాడు" అన్నావు. దెబ్బ సంగతి నాకు వెంటనే గుర్తొచ్చింది. అయినా ఏమన్నానో తెలుసా? "ఎండలో తిరిగుంటాడమ్మా. పడుకోమను" అన్నాను. నాన్నకి మాటిచ్చానని కాదు. చెబితే పని ఆపేస్తారని, ఉద్యోగం పోతుందని, నీ ముందు దోషినవుతానని. అన్నీ కలిసి నోరు నొక్కేశాయి. అయిదో రోజు ఆయన వాకిట్లో మెట్ల మీద కూలిపోయాడు. అంతకు కాస్త ముందే నువ్వు ఆ మెట్లు కడిగి లోపలికి వెళ్ళావు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు అడిగింది నీకు గుర్తుందో లేదో. "ఈ మధ్య ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలిందా? లోపల చేరిన రక్తం ఇవాళ్టిది కాదు" అన్నాడు. నువ్వు నాన్న చెప్పులు గుండెకి హత్తుకుని నిలబడి ఉన్నావు. ఆయన అడిగింది నీ చెవినే పడలేదు. "మెట్లు తడిగా ఉన్నాయండీ, నేనే కడిగాను, జారాడు" అని అదే చెబుతున్నావు. డాక్టరు నా వైపు చూశాడు. "నాకు తెలీదండీ" అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆ పాపం నీ నెత్తిన పెట్టేశాను.

అప్పట్నుంచీ నువ్వు నీళ్ళ బకెట్టు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళలేదు. నాన్న పోయిన రోజు వచ్చినప్పుడల్లా పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టవు. చెల్లి, నువ్వేం తప్పు చేశావమ్మా అంటే కసురుకుంటావు. మొన్నటి ఉత్తరంలో కూడా, "ఆ పూట నాకా శుభ్రం పిచ్చి లేకపోతే ఇవాళ మీ నాన్న నా పక్కన కూర్చుని తన బొమ్మని తనే చూసి నవ్వేవాడు" అని రాశావు. పదిహేను రోజులు నేను దాటలేకపోయిన వాక్యం అదే.

ఆయన జారలేదమ్మా. తడి మెట్ల వల్ల కాదు. ఆ నెత్తురు నాలుగు రోజుల ముందు నా కళ్ళెదుట మొదలైంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను నిజం చెప్పి ఉంటే బతికేవాడా అని తరవాత వేరే డాక్టరుని అడిగాను. "చెప్పలేం. బతికే అవకాశమైతే ఉండేది" అన్నాడు. ఆ అవకాశం ఎంతని నేను అడగలేదు.

ఆ రోజు భోజనాల వేళ ఆ చుక్కలు చూసిన తరవాత డైరెక్టరు గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. ఆ తరవాత, "అయితే ఆ పడే కదలికలు నీ దగ్గర ఉన్నాయా?" అన్నాడు. అని, తన నోట వచ్చిన మాట తనకే వినబడి తల దించుకున్నాడు. ఇవ్వనన్నాను. మొదటి రోజువి కూడా తీసెయ్యమని అడిగాను. వేరే మనిషి పడుతుంటే, నాన్న నడుస్తుంటే అతకదని వాళ్ళూ ఒప్పుకున్నారు. అందుకే నడక, నిలబడటం, కొట్టడం, అన్నీ ఆ సర్కసు అమ్మాయి చేతే కొత్తగా తీశారు. ఆఖరాయన పని నా దగ్గర్నుంచి తీసేసి వేరేవాళ్ళకిచ్చారు. ఇప్పుడు నేను ఆట మొదట్లో వచ్చే బొత్తాలూ అక్షరాలూ గీస్తున్నాను. ఉద్యోగం ఉంది. నీకు ఆ దిగులొద్దు.

ముక్కూ మొహం తెలీని వాళ్ళు సరదాకి మా నాన్నని పడగొడుతుంటే చూడలేననుకున్నాను. నాకు తోచింది అంతవరకే. ఆ నాలుగడుగుల నడక కోసం నువ్వు రోజూ సాయంత్రం తెర ముందు కూర్చుంటున్నావని తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో తెలీదు. కనీసం నిన్ను అడిగేదాన్ని. ఆయన్ని ఒకసారి నీకు దూరం చేశాను. ఇప్పుడు నిన్నొక్క మాటైనా అడగకుండా ఈ కొత్త ఆటలోంచి తీయించి రెండోసారి చేశాను.

నిన్న చెల్లికి ఫోన్‌లో చెప్పాను. అంతా విని పెట్టేసింది. గంట తరవాత తనే చేసింది. "నీ ఏడుపు నాకొద్దు అక్కా. ముందు అమ్మకి చెప్పు. అమ్మ చదువుతుంటే నేను పక్కన ఉంటాను" అంది. మళ్ళీ పెట్టేసింది. దాని కోపం న్యాయమైనదే. ఈ పాటికి నీ పక్కనే ఉండి ఉంటుంది.

ఫోన్‌లో నీకు చెప్పకపోవడానికి కారణం, నా గొంతు వణకగానే నువ్వు నన్ను ఓదార్చడం మొదలుపెడతావు. నాకు తెలుసు. ఆ ఓదార్పు నేను తీసుకోకూడదు. శనివారం పొద్దుటి బస్సుకి బయలుదేరుతున్నాను. నువ్వు ఎన్ని మాటలన్నా పడతాను. తలుపు తియ్యాలనిపించకపోతే తియ్యకు, సాయంత్రం దాకా బయట కూర్చుని వెనక్కి వెళ్తాను. మళ్ళీ వారం మళ్ళీ వస్తాను. క్షమించమని అడగడానికి మాత్రం రావట్లేదు.

ఒక్కటే అడుగుతాను. ఈ కాగితం మడిచి పక్కన పెట్టాక, నేను వచ్చేలోపు, ఒక్కసారి "ఆయన నావల్ల పోలేదు" అని పైకి అను. మనసులో కాదమ్మా. పక్కనున్న చెల్లికి వినబడేలా అను.

ఇట్లు,
నీకు నిజం చెప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టిన
నీ పెద్దమ్మాయి