లాంపాంగ్ ఆవిడ చెయ్యి

బువాలయ్‌కి ఇన్‌కావ్ రాసేది. ఇక్కడ లాంపాంగ్‌లో నేను బాగున్నాను, ఒక్క కుడి భుజం తప్ప.

గుడికప్పు మీదికి పెంకులు మోసి మోసి అది బిగుసుకుపోయింది. మేస్త్రీ పోరు పడలేక పక్క శాలలో ఒళ్లు పట్టే సెంగ్దా దగ్గరికి వెళ్లాను. నీలాగే నూనె వాడదు. వదులు బట్టలు కట్టుకోమని, చాప మీద పడుకోబెట్టి, వైద్యగురువు జీవకుణ్ణి తలుచుకుని అరికాళ్ల దగ్గర మొదలుపెట్టింది. బొటనవేలితో, అరచేత్తో, మోచేత్తో నొక్కింది. తల ముట్టుకునే ముందు మాత్రం చేతులు జోడించి నన్ను అడిగింది. ఎంత మర్యాద!

నీ మొగుడు,
ఇన్‌కావ్

తా.క.: నువ్వెప్పుడూ అడగలేదు. ఊరికే అన్నాను.

* * *

లాంపాంగ్ మర్యాదలు మరిగిన మా ఆయనకు,

ఈ ఊళ్లో అందరి ఒళ్లూ పట్టేది నేనే. బయటివాళ్ల తల ముట్టుకునేటప్పుడు నేనూ దండం పెట్టే అడుగుతాను. సొంత మొగుణ్ణి కూడా అడగాలా? పెళ్లినాటి నుంచి ఆ తల నాదే అనుకున్నాను. పొరపాటైంది. అయినా భుజం నొప్పని వెళ్లినవాడికి కాళ్ల నుంచి తలదాకా పట్టడమంటే పూటంతా పని. నాకు తెలియదనుకున్నావా?

బువాలయ్

తా.క.: ఆవిడ వయసెంత?

* * *

బువాలయ్‌కి,

వయసు అడగలేదు. అడిగితే బాగుండదు కదా. నువ్వు అనుకునేదేమీ లేదు. నేను నోరు తెరవకముందే నొప్పి ఎక్కడుందో ఆవిడ వేలికి తెలిసిపోతుంది, అంతే. నిన్న మూలికల మూట ఆవిరిపట్టి భుజానికి అద్దింది. పసుపు, నిమ్మగడ్డి వాసనకి అక్కడే నిద్రపోయాను. లేచాక జిగురన్నం పెట్టింది. ఊరికే తినడం బాగోదని, నరాలు నొక్కే కర్ర ఒకటి టేకుతో చెక్కి ఇచ్చాను.

ఇన్‌కావ్

తా.క.: నువ్వూ ఎప్పుడో ఒకటి చెక్కమన్నావు. చెక్క మిగిలితే చూస్తాను.

* * *

మా ఆయనకు,

ఈ ఉత్తరం టపాలో రాలేదని తెల్లబోకు. గుడి గోడ పక్కనే ఉన్నాను. నిన్న బస్సెక్కి వచ్చాను. నీకోసం కాదు.

ఆ సెంగ్దా జుట్టు పట్టుకుందామనే వచ్చాను. ముందు పనితనం చూద్దామని, పేరు మార్చి చెప్పి చాప మీద పడుకున్నాను. వంకలు వెతుకుతూనే ఉన్నాను. కాళ్లు అయ్యాక నా బొటనవేళ్లు పట్టుకుని, "అక్కా, నువ్వూ పట్టే మనిషివే. మరి నీ చేతులు ఎవరు పడతారు?" అంది. "ఎవరూ పట్టరు" అన్నాను. ఆ తరవాత నాకేమీ తెలియదు. గురక పెట్టానట.

లేచి అసలు పేరు చెప్పాను. పడీ పడీ నవ్వింది. "ఇన్‌కావ్ పెళ్లానివా! అయితే నెలాఖరుదాకా ఇక్కడే ఉండు" అంది. ఉంటున్నాను. ఆవిడకు నేను, నాకు ఆవిడ.

బువాలయ్

తా.క.: చాప ఖాళీ లేదు. భుజం నొప్పి మేస్త్రీకి చెప్పుకో.

* * *

గోడవతల బువాలయ్‌కి,

నిన్న సాయంత్రం వస్తే సెంగ్దా గడపలోనే నిలబెట్టి, "అక్క పడుకుంది, రేపు రా అన్నా" అంది. ఇవాళా అదే మాట. కప్పు మీదికి మీ మాటలు వినపడవు గానీ నవ్వులు వినపడుతున్నాయి. మన ఇంట్లో నువ్వలా నవ్వడం నేనెరగను. ఆవిడలో అంత ఏం చూశావో నాకర్థం కావడం లేదు. చెయ్యి కూడా కాస్త మొరటే.

ఇన్‌కావ్

తా.క.: అటు చెవి వేసి ఒక వరస పెంకులు తిరగేసి పేర్చాను. అన్నీ తీసి మళ్లీ వేయమన్నాడు మేస్త్రీ. ఇంతకీ మీరు నవ్వేది నా గురించేనా? నా గురించే అయితే ఫరవాలేదు.